సూదిచూపు చిలకమ్మ బలం చీటీ

ఏడో నెల, 3

సూదిచూపు చిలకమ్మ బలం ఈ రోజు ఎనభై ఎనిమిది కిలోవాట్లని తేలింది. పోయిన వారం పద్దెనిమిదే. మనిషి అదే, కళ్లు అవే, మధ్యలో గడిచింది ఒక్క ఆదివారం. మూడుసార్లు లెక్క వేశాను. మూడుసార్లూ అదే అంకె వచ్చేసరికి ఒళ్లు మండింది.

నా తర్వాత ఈ పని చేసేవాళ్లు ఈ పుస్తకం తిరగేస్తారు కాబట్టి మొదటినుంచీ రాస్తాను. నా పేరు పరదేశి. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద, మంచు కింద ఉంది మా పేట. మంచు కోసే లేజర్ కత్తులు బాగుచేయడం నా అసలు పని. కథల్లోని వీరులకు బలం చీటీ రాయడం కొసరు పని. తలనొప్పంతా కొసరు పనిలోనే ఉంది.

మా పేటలో ప్రతి ఆదివారం అందరికీ వినబడేలా బాకాలో ఒక కథ వస్తుంది. కథకు ముందు చీటీ చదవాలి. "ఈ వీరుడి చూపు బలం ఇంత, మన కత్తి బలం ఇరవై నాలుగు కిలోవాట్లు, తేడా గుర్తుంచుకుని వినండి" అని. ఇరవై మూడేళ్ల కిందట ఏదో కథలో ఒక వీరుడు ఆరడుగుల మంచుగోడను గుక్క తిప్పుకోకుండా కోసేశాడు. అది విని ఇద్దరు కోతగాళ్లు వీపున గంటకు సరిపడా గాలి మాత్రం వేసుకుని అలాంటి గోడ మీదికే పోయారు. తిరిగి రాలేదు. అప్పటినుంచి చీటీ లేని కథ బాకా ఎక్కదు.

చీటీ రాయడం పెద్ద విద్యేమీ కాదు. వీరుడు ఎంత మంచు కోశాడు, ఎంతసేపట్లో కోశాడు అన్నవి కథలోంచి ఏరుకోవాలి. కిలో మంచు ఆవిరై పోవడానికి ముప్ఫై లక్షల జౌళ్ల శక్తి కావాలి. కిలోలతో హెచ్చవేసి సెకన్లతో భాగిస్తే బలం వస్తుంది. దాని మీద ముద్ర కొడతాను. ముద్ర పడిన లెక్క పంచాయతీలో కూడా చెల్లుతుంది. వీరుడి బలం వారం వారం ఊరికే మారిపోకూడదు. మారితే కారణం కథలో ఉండాలి. లేకపోతే చీటీ ఆపేస్తాను, కథ ఆగిపోతుంది.

మిగతా కథకులతో నాకు హాయి. "రెప్పపాటులో కొండ మాయమైంది" అంటారు. రెప్పపాటంటే సెకనులో మూడో వంతని వేసుకుని, సూర్యుడు కూడా సిగ్గుపడేంత అంకె రాసి పంపేస్తాను. గవరమ్మ వేరు. ఆమెకు డెబ్భై ఒక్కేళ్లు. వయసులో ఉన్నప్పుడు గాలి కాపలాలో పనిచేసింది. కథ చెప్పడం ఈ ఏడే మొదలుపెట్టింది. పోయిన వారం కథలో చిలకమ్మ ఆరుబయట, ఆకాశం కింద, ముప్ఫై కిలోల మంచును గంటా ఇరవై మూడు నిమిషాల్లో చూపుతో కోసింది. ఇదేం కథ, హాజరుపట్టీలా ఉందే అనుకున్నాను. లెక్క వేస్తే పద్దెనిమిది. ఈ వారం చిలకమ్మ పడమటి గదికి పోయింది. పైకప్పు నుంచి మంచు విరిగిపడి దారి మూసుకుపోయింది, అవతల తమ్ముడున్నాడు. రెండు గంటల యాభై ఒక్క నిమిషాల్లో మూడు వందల కిలోలు కోసింది. లెక్క వేస్తే ఎనభై ఎనిమిది.

ఏడో నెల, 4

గవరమ్మ ఇంటికి వెళ్లాను. మా పేటలో ఎవరు ఎదురైనా పలకరింపు ఒకటే. "గాలి బాగుందా?" అంటే "గాలి బాగుంది" అనాలి. గాలి కాపలావాళ్లు నాలుగు గంటలకోసారి గాలి చూసి గాలి పుస్తకంలో రాసే మాట అది. అదే అందరి నోటా నానింది.

"గాలి బాగుందా పిన్నీ?"

"బాగుంది. కూకో. చీటీ తెచ్చినావేటి?"

"ఎక్కడి చీటీ! మీ చిలకమ్మ బలం వారంలో ఐదింతలు ఎందుకయింది? మందేమైనా తాగిందా? ఎవరైనా వరమిచ్చారా?"

"ఏటీ తాగనేదు."

"పోనీ కిలోలు తగ్గించండి. మూడొందలు అన్నచోట అరవై అనండి. నేను ముద్ర కొట్టేస్తాను, మీరు కథ చెప్పేసుకోండి."

ఆమె నా వంక చూసిన చూపుకు నిజంగానే సూదులున్నాయి. "మూడొందలంటే మూడొందలే. ఉన్నదున్నట్టు సెప్పినాను. ఒక్క కిలో కూడా తగ్గించను. నీ లెక్క నువ్వు సూసుకో."

"అయితే కథ ఆపేయాల్సి వస్తుంది."

"ఆపీ. కానీ ఆపే ముందు ఇంకోసారి కథ ఇను. సరిగ్గా ఇను నాయనా."

కోపంగా వచ్చేశాను. దారిలో కోపం తగ్గాక ఒక అనుమానం పట్టుకుంది. కథ ఆగిపోతుందంటే ఏ కథకుడైనా బతిమాలతాడు. ఈమె మాత్రం ఆపుకోమంది, ఒక్క కిలో తగ్గించనంది. ఒక్క అంకె కోసం కథనే వదులుకునేవాళ్లుంటారా?

ఏడో నెల, 6

కథ బాకా ఎక్కకముందే సంగతి పేటంతా పాకింది, భోజనశాలలో ఇదే గొడవ. చిలకమ్మకు కోపం వస్తే బలం ఐదింతలవుతుందని ఒక జట్టు. తమ్ముడి మీద ప్రేమ వల్ల అని ఇంకో జట్టు. ముందటి వారం కథలో ఆమె బద్ధకించిందని, అసలు బలం ఎనభై ఎనిమిదేనని మూడో జట్టు. నా భార్య నూకరత్నం కోత ముఠాకు మేస్త్రి. ఆమె ముఠా మొత్తం కోపం జట్టే.

"కోపానికి జౌళ్లెన్ని?" అని అడిగాను.

"నువ్వు కత్తి బాగుసెయ్యకపోతే నాకొచ్చేదానికి సానా ఉంటాయి" అంది నూకరత్నం. ముఠా అంతా నవ్వింది.

తర్వాత తన పని సంగతి చెప్పింది. పేటకు నీళ్ల మంచు తరిగిపోతోంది. పాత పడమటి గది వెనక శుభ్రమైన మంచు ఉంది. పక్కనుంచి కొత్త సొరంగం తవ్వుకుంటూ ఇప్పటికే గది గోడ దాకా వచ్చేశారు. పదమూడో తేదీన గోడ కోసి గదిలోకి దిగుతారు. నలభై ఒక్కేళ్ల కిందట పైకప్పు పగిలినప్పుడు గదిలో గాలి మొత్తం బయటికి వదిలేశారని గాలి పుస్తకంలో ఉంది. కోత సొరంగంలోనూ గాలి ఉండదు. రెండు పక్కలా ఏమీ లేనప్పుడు గోడ కోస్తే భయం లేదు. అందుకే అవతల గాలి ఉందో లేదో ముందుగా సూదిబెజ్జం వేసి చూడటం కూడా పెట్టుకోలేదు.

"చిలకమ్మ కోసింది కూడా పడమటి గదే కదా" అన్నాను.

"ఔను. కతలో ఆ గది పేరెట్టింది ముసల్ది. మా వోళ్లకి సరదాగుంది."

ఏడో నెల, 8

ఈ రోజు వంటింట్లో నాకు నా మీదే నవ్వొచ్చింది.

పొద్దున్నే నూకరత్నం కోత నుంచి తెచ్చిన మంచుగడ్డ ఒకటి పప్పు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళ్లింది. నేను చిలకమ్మ లెక్కల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. గిన్నెలో మంచు కరిగింది. నీళ్లయింది. నేను ఆ నీళ్ల వంక చూస్తూ కూర్చుండిపోయాను. ఇది రోజూ చూసేదే. కానీ కత్తి కింద ఎప్పుడూ చూడలేదు.

మేం కోసేదంతా గాలి లేని సొరంగాల్లో. గాలి లేనిచోట మంచుకు కరగడం తెలియదు. కత్తి తగలగానే నేరుగా పొగైపోతుంది. ఈ పేటలో పుట్టిన కోతగాడెవడూ కత్తి కింద నీటిచుక్క చూసి ఎరగడు. అందుకే మాకు కోత అంటే ఆవిరే. మా పట్టికలో ఉన్న అంకె ఒక్కటే, కిలోకు ముప్ఫై లక్షలు. నాకు నేర్పినాయన అదే నేర్పాడు, నేనూ అదే పట్టుకుని వేలాడాను.

కథలో గవరమ్మ ఏమందో అప్పుడు గుర్తొచ్చింది. "కోస్తా ఉంటే నీల్లు కారి కారి చిలకమ్మ మోకాళ్ల దాకా ఒచ్చీసినాయి" అంది. నేను దాన్ని కవిత్వం కింద జమకట్టి వదిలేశాను!

చల్లటి మంచు కరిగి పారే నీరవడానికి కిలోకు ఆరు లక్షల పదిహేను వేల జౌళ్లు చాలు. మూడు వందల కిలోలకు పద్దెనిమిది కోట్ల నలభై అయిదు లక్షలు. రెండు గంటల యాభై ఒక్క నిమిషాలంటే రమారమి పది వేల రెండు వందల యాభై సెకన్లు. భాగించాను.

పద్దెనిమిది కిలోవాట్లు. చిలకమ్మ బలం మారనేలేదు. ఆరుబయట ఆవిరి చేసింది, లోపల కరిగించింది. రెండుచోట్లా అదే చూపు.

కుర్చీలోంచి లేచి ఎగిరాను. ఇలాంటి ఆనందం నా పనిలో ఏడాదికోసారి కూడా రాదు. నూకరత్నం తల తుడుచుకుంటూ వచ్చి, "ఏటయ్యా, పప్పు గిన్నె సూసి గంతులేస్తన్నావు?" అంది.

చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నీళ్లు పారాలంటే అక్కడ గాలి ఉండాలి. ఇంకొకటి. పద్దెనిమిది కిలోవాట్లు ఏ వీరుడికీ ఉండే బలం కాదు. నలభై ఏళ్ల కిందట ఈ పేటలో వాడిన పాత కత్తుల బలం అది.

ఏడో నెల, 9

పాత గాలి పుస్తకం తీయించాను. పడమటి గది, పైకప్పు పగిలిన రోజు. అందులో ఉన్నది ఉన్నట్టు: "రెండో గంటకు గదిలో, దారిలో గాలి వదిలేయడమైనది. మూడో గంట నుంచి అడ్డుపడిన మంచు కోత. కత్తి నడిచినది 2 గంటల 51 నిమిషాలు. తీసినది 300 కిలోలు. ఆరో గంటకు ఇనుప తలుపు మూయడమైనది. లోపల చిక్కినవాడు: అప్పలసూరి, గాలి కాపలా." కింద సంతకం గవరమ్మది.

గాలి వదిలేశాక కోసి ఉంటే మంచు ఆవిరవ్వాలి. పద్దెనిమిది కిలోవాట్ల కత్తి అంతసేపట్లో అరవై ఒక్క కిలోలే తీయగలదు. పుస్తకంలో మూడు వందలు. నలభై ఒక్కేళ్లుగా ఈ రెండు అంకెలూ ఒకే పుటలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఎవరూ భాగించి చూడలేదు. కోత సాగినంతసేపూ అక్కడ గాలి ఉంది. రెండో గంటకు వదిలేశామన్నది అబద్ధం. అది అబద్ధమైతే అసలు వదిలారని నమ్మకం ఏమిటి?

గదిలో ఇంకా గాలి ఉంటే, చల్లబడి బిగుసుకున్నా, మామూలు ఒత్తిడిలో మూడో వంతు ఉంటుంది. అంటే చదరపు మీటరుకు మూడున్నర టన్నుల తోపుడు. గోడ పలచబడే కొద్దీ అది పగిలి కోసేవాళ్ల మీదికే వస్తుంది. ముందు నిలబడేది మేస్త్రి. నాకు చాలా భయం వేసింది, రాయడానికి సిగ్గులేదు.

చిలకమ్మ చీటీ రాశాను. పద్దెనిమిది కిలోవాట్లు. కారణం: కోసినచోట గాలి ఉంది. ముద్ర కొట్టి, గాలి కాపలాకు పెద్ద అయిన దేముడుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కట్టుబాటు మనిషి. చెప్పులు కూడా గీత గీసి విడుస్తాడు. చీటీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశాడు.

"గవరమ్మ మూడు నెల్ల కిందట పంచాయతీకి ఒచ్చింది" అన్నాడు. "ఆ గదిలో గాలి ఉన్నాది, కొయ్యొద్దంది. నీ సంతకమే ఉన్నాది కదమ్మా అని పుస్తకం సూపించినాను. గాలి పుస్తకంలో రాసింది నోటిమాటతో కొట్టీడానికి నేదు. లెక్క ఉంటేనే కొట్టాల. అదీ కట్టుబాటు."

"ఇప్పుడు లెక్క ఉంది."

"ఉన్నాది" అన్నాడాయన. వెంటనే కోత ఆపమని కబురు పంపాడు.

ఏడో నెల, 10

గవరమ్మ ఇంటికి మళ్లీ వెళ్లి చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె అంకె మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

"మొదటే నాతో చెబితే సరిపోయేది కదా పిన్నీ. వారం రోజులు చంపారు."

"సెప్తే నువ్వు నా మొకం సూసి లెక్క ఏసీవోడివి. అప్పుడది నా లెక్కే అవుద్ది, నీది కాదు. దేముడు నమ్మడు. ముద్దర నీ సేత్తో పడాల." చీటీ ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. "కప్పు పగిలింది. గాలి లోపల్నుంచి పైకి తోస్తన్నాది, వొదిలీకపోతే ఈదంతా కూలిపోద్దన్నారు. ఈదిలో రెండొందల మంది. గాలి వొదిలీ తూము నా సేతిలో ఉన్నాది. అవతల అప్పలసూరి మంచు మీద కొడతన్నాడు, టక్ టక్ మని. నన్ను అక్కలాగ అప్పా అనీవోడు. సొంత తమ్ముడు కాడు, పనిలో తమ్ముడు. ఎలగ తిప్పీడం?"

"తిప్పలేదు."

"నేదు. కోసినాను. నీల్లలో నిలబడి కోసినాను. కత్తి ఆగిపోయింది. నన్ను లాగీసి తలుపు మూసీసినారు. వొదిలీసినావా అనడిగితే రెండో గంటకే వొదిలీసినానని రాసీసినాను. కప్పు కూలనేదు. దేవుడి దయ. కూలుంటే రెండొందల మందిని సంపీసినదాన్ని నేను. ఆ సంగతి నాకు తెలుసు."

తప్పా, ఒప్పా అన్నది నా పట్టికలో తేలే విషయం కాదు. ఆమె పక్కన కూర్చున్నాను.

"ఒక్కటే తెలవాలి నాకు" అంది. "గాలి ఉంచినాను. వాడికి ఆ గాలి పనికొచ్చిందేటి? నేకపోతే ఎక్కువసేపు భయపడ్డానికి ఉంచినానా?"

ఏడో నెల, 12

సూదిబెజ్జం వేశారు. గొట్టం బిగించి, అందరూ పక్కకు తప్పుకున్నారు. ఒత్తిడి ముల్లు లేచింది. మామూలులో మూడో వంతు, కొంచెం ఎక్కువ. నా అంచనా సరైనందుకు ఆనందించాల్సినవాణ్ణి, నూకరత్నం చెయ్యి పట్టుకుని వదల్లేదు. "రేపు ఇక్కడే నిలబడాల్సినదాన్ని" అంది.

ఏడో నెల, 15

గాలి బయటికి పోకుండా రెండు తలుపుల గది కట్టి, దాని గుండా లోపలికి వెళ్లాం. నేను, నూకరత్నం, దేముడుగారు. గవరమ్మ కూడా వస్తానంది. ఆమెకూ గాలి తొడుగు వేసి తీసుకెళ్లాం.

అప్పలసూరి గోడకు చేరగిలబడి ఉన్నాడు, దుప్పటి కప్పుకుని. చలి అతన్ని అలాగే ఉంచింది. వయసు ఇరవై ఆరు దాటదు. పక్కన మూడు కిలోవాట్ల చిన్న కత్తి ఉంది, దాని శక్తి మొత్తం అయిపోయింది. అడ్డుపడిన మంచులో అతను కూడా ఇటునుంచి మూరెడు లోతు కోశాడు. అటునుంచి గవరమ్మ కోసిన గుంట, దీపం ఆనిస్తే మంచులోంచి మసగ్గా కనబడింది. రెండూ ఒకే సూటిలో ఉన్నాయి. మధ్యలో మిగిలింది నిలువెత్తు మంచు.

ఆ పక్క గోడ మీద కత్తితో చెక్కిన అక్షరాలు కనిపించాయి. నూకరత్నం దీపం ఎత్తి పట్టుకుంది. వరుసకొక గంట అంకె, పక్కన ఒకే మాట.

గాలి బాగుంది.
గాలి బాగుంది.
గాలి బాగుంది.

నాలుగు గంటలకొకటి. అతను గాలి కాపలా మనిషి, డ్యూటీలో ఉన్నాడు. పదమూడు వరుసలు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య నలభై ఎనిమిది గంటలు. అన్నిట్లోనూ రెండు మాటలే, చివరి వరుసలో మూడు. "గాలి బాగుంది అప్పా."

గవరమ్మ ఆ వరుస మీద చేతి తొడుగు ఆనించి నిలబడింది. "పరదేశీ" అంది. "ఈ రాతకి అయిన బలంతో గోడ కోసుంటే ఒచ్చీసీవోడేటి?"

అబద్ధం చెప్పకుండా ఉండాలంటే లెక్క వేయాలి. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని అక్షరాల లోతు, వెడల్పు కొలిచాను. వరుసకు రమారమి నాలుగు వందల గ్రాముల మంచు కరిగింది. మొత్తం ఐదు కిలోల పైచిలుకు. ముప్ఫై రెండు లక్షల జౌళ్లు. మనిషి దూరేంత బెజ్జంలో అది ఎంత లోతు అవుతుందో చూశాను.

"రాలేడు పిన్నీ. ఈ శక్తితో వేలెడు మందం కోసేవాడు. మిగిలింది నిలువెత్తు. అతనికి ఆ సంగతి తెలుసు, అందుకే రాయడానికి దాచుకున్నాడు."

"మరి గాలి వొదిలీసుంటే?"

"రెండు నిమిషాలు. ఒక్క వరుస కూడా ఉండేది కాదు."

ఆమె తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది నేను.

ఏడో నెల, 17, ఆదివారం

ఈ రోజు బాకాలో చిలకమ్మ కథ పూర్తయింది. చీటీ నేనే చదివాను. చిలకమ్మ పద్దెనిమిది కిలోవాట్లు, ఆమె తమ్ముడు మూడు. ఇంత తక్కువ బలమున్న వీరులకు ఈ పుస్తకంలో ఎప్పుడూ చీటీ రాయలేదు. కోపం జట్టువాళ్లు భోజనశాలలో ఓటమి ఒప్పుకున్నారు.

తర్వాత పంచాయతీ. తప్పుడు రాత రాసినవాళ్ల పేరు కాపలా పట్టికలోంచి తీసేయాలని కట్టుబాటు. "తీసీ బావూ, నాను కాపలా మానీసి ఇరవై ఏళ్లయిపోనాది" అంది గవరమ్మ. దేముడుగారు తీసేశాడు. పాత గాలి పుస్తకం తెరిచి, ఆ రోజు రాత మీద అడ్డగీత కొట్టాడు. కొట్టేసినచోట సరైన రాత ఉండాలి, అది ఆ పూట డ్యూటీలో ఉన్నవాడిదే అయ్యుండాలి. నేను గోడ మీదినుంచి రాసుకొచ్చిన కాగితం ఇచ్చాను. ఆయన అప్పలసూరి పేరు రాసి, గంటల అంకెలు వేసి, ఒక్కో వరుసా ఎక్కించాడు. గాలి బాగుంది, గాలి బాగుంది, గాలి బాగుంది.

పదమూడో వరుస దగ్గర కలం ఆగింది. గాలి పుస్తకంలో ఆ రెండు మాటలే రాయాలి, మూడో మాటకు చోటు లేదు. అదీ కట్టుబాటే. గవరమ్మ ఆయన చేతి వంక చూస్తూ నిలబడింది.

దేముడుగారు కళ్లజోడు సర్దుకుని, గడి గీత దాటి, "అప్పా" అని కూడా రాశాడు.